సియాటెల్ చుట్టుపక్కల కొండల్లో వారాంతపు హైకింగ్, క్యాంపింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

రెడ్‌మండ్, బెల్‌వ్యూ, బాతెల్ వంటి ఊళ్లకు ఉద్యోగానికో చదువుకో కొత్తగా వచ్చిన తెలుగువారు ప్రతి వేసవిలోనూ దాదాపు ఇవే సందేహాలు అడుగుతూ ఉంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేటప్పుడు ఏదో ఒక ముఖ్యమైన మాట మరిచిపోతున్నాను కాబట్టి అన్నింటినీ ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న వరకే చదువుకోవచ్చు.

## ఎక్కడికి, ఎప్పుడు

మేం ఆరుగురం స్నేహితులం. ఎవరికీ కొండలెక్కిన అనుభవం లేదు. మొదట ఎక్కడికి వెళ్లాలి?

నార్త్ బెండ్ దగ్గరి రాటిల్‌స్నేక్ లెడ్జ్‌తో మొదలుపెట్టడం మంచిది. రానూపోనూ దాదాపు 5 మైళ్ల దారి, 1,400 అడుగులకు పైగా ఎక్కుడు ఉంటుంది. అది హాయిగా పూర్తి చేయగలిగితే స్నోక్వాల్మీ పాస్ దగ్గరి స్నో లేక్‌కు, ఆ తర్వాత 8 మైళ్ల నడక, 3,150 అడుగుల ఎక్కుడు ఉన్న మౌంట్ సై కొండకు వెళ్లవచ్చు. అలిపిరి నుండి 3,550 మెట్లు ఎక్కి తిరుమల చేరినవారికి ఎక్కడం కొత్త కాదు. అయితే అక్కడ దారి పొడవునా మంచినీళ్లు, దుకాణాలు, తోటి భక్తులు ఉంటారు, పైకి చేరాక బస్సులో దిగిపోవచ్చు. ఇక్కడ అవేవీ ఉండవు, ఎక్కిన ప్రతి అడుగూ మన కాళ్లతోనే దిగాలి, మోకాళ్లు నొప్పి పుట్టేది కూడా దిగేటప్పుడే. మొదటిసారే రాత్రి బస పెట్టుకోకుండా, రెండు మూడు సార్లు పగటి నడకలు చేసి, ఎవరి నడక ఎలాంటిదో అందరికీ తెలిశాక క్యాంపింగ్‌కు వెళ్లండి.

ఒక ట్రెయిల్‌కు ఎంత సమయం పడుతుందో ముందే ఎలా లెక్క వేసుకోవాలి?

కొత్తవారి గుంపు గంటకు 2 మైళ్లు నడుస్తుందనుకుని, ప్రతి 1,000 అడుగుల ఎక్కుడుకూ మరో అరగంట కలిపి, భోజనానికీ ఫొటోలకూ ఇంకో గంట వేసుకోండి. ఈ లెక్కన మౌంట్ సైకి ఆరున్నర నుండి ఏడు గంటలు పడుతుంది. ఈ లెక్క వేయవలసింది గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని దృష్టిలో పెట్టుకుని. తర్వాత ఆ రోజు సూర్యాస్తమయం ఎప్పుడో చూడండి. సియాటెల్‌లో జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది గానీ, అక్టోబరు మధ్యకల్లా సాయంత్రం ఆరున్నరకే చీకటి పడుతుంది, దట్టమైన చెట్ల కింద ఇంకా ముందే పడుతుంది.

సియాటెల్‌లో జూన్‌లోనే ఎండ కాస్తోంది కదా, కొండ మీద ఇంకా మంచు ఎందుకు ఉంటుంది?

మౌంట్ రెయినియర్ మీద 5,400 అడుగుల ఎత్తున ఉన్న పారడైజ్ దగ్గర ఏటా సగటున 600 అంగుళాలకు పైగా మంచు కురుస్తుంది, 1971-72 శీతాకాలంలోనైతే 1,122 అంగుళాలు కురిసింది. పసిఫిక్ సముద్రం నుండి వచ్చే తేమగాలి ఈ కొండలను తాకి పైకి లేచి, చల్లబడి, మంచుగా రాలుతుంది. అంత మంచు కరగడానికి జూలై మధ్య వరకు పడుతుంది. అందువల్ల ఎత్తైన ట్రెయిళ్లకు జూలై చివరి వారం నుండి సెప్టెంబరు వరకు అనువైన కాలం. పారడైజ్ మైదానాల్లో పూలు సాధారణంగా జూలై చివర, ఆగస్టు మొదట్లో విరగబూస్తాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో అడవి మంటల పొగ కమ్ముకునే అవకాశం ఉంటుంది కాబట్టి బయలుదేరే ముందు రోజు గాలి నాణ్యత చూసుకోవాలి. అక్టోబరు మొదట్లో కొండల తూర్పు వైపున లార్చ్ చెట్లు పసుపు రంగుకు మారుతాయి, ఒక్కసారైనా చూడవలసిన దృశ్యం అది.

ట్రెయిల్ ప్రస్తుతం ఎలా ఉందో ఇంట్లో కూర్చుని తెలుసుకోవడం ఎలా?

వాషింగ్టన్ ట్రెయిల్స్ అసోసియేషన్ వెబ్‌సైట్‌లో ఇటీవల వెళ్లివచ్చినవారు రాసిన నివేదికలు ఉంటాయి. గత వారం రాసినవి చదివితే మంచు ఎక్కడి నుండి మొదలవుతోంది, వాగు మీద దుంగ వంతెన ఉందా కొట్టుకుపోయిందా, దోమలు ఎంతగా ఉన్నాయి అన్నీ తెలుస్తాయి. వాతావరణాన్ని మాత్రం కింద ఉన్న ఊరి పేరుతో కాకుండా కొండ ఎత్తుకు చూడండి, ఎందుకంటే ప్రతి 1,000 అడుగులకూ ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీల సెల్సియస్ తగ్గుతూ పోతుంది.

## పాసులు, బుకింగ్

ఇన్ని రకాల పాసులు ఏమిటి? ఏది ఎక్కడ పనిచేస్తుంది?

భూమి ఎవరి ఆధీనంలో ఉందన్నదాన్ని బట్టి పాసు మారుతుంది. రాష్ట్ర పార్కులకు, మౌంట్ సై వంటి రాష్ట్ర భూములకు డిస్కవర్ పాస్ కావాలి. దీనికి రోజుకు 10 డాలర్లు, 2025 అక్టోబరు నుండి ఏడాదికి 45 డాలర్లు. స్నో లేక్ వంటి జాతీయ అటవీ భూముల్లోని ట్రెయిళ్లకు నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ కావాలి, రోజుకు 5 డాలర్లు, ఏడాదికి 30 డాలర్లు. మౌంట్ రెయినియర్, ఒలింపిక్ వంటి జాతీయ పార్కులన్నింటికీ 80 డాలర్ల అమెరికా ది బ్యూటిఫుల్ వార్షిక పాస్ పనిచేస్తుంది, అది అటవీ భూములకూ చెల్లుతుంది గానీ డిస్కవర్ పాస్ అడిగే చోట చెల్లదు. వేసవిలో నెలకు రెండుసార్లు వెళ్లేవారు 80 డాలర్ల పాస్, డిస్కవర్ పాస్ రెండూ తీసుకుంటే దాదాపు ఎక్కడా చిక్కు ఉండదు. గుంపులో ఒకే కారులో వెళితే ఆ కారుకు ఒక్క పాస్ చాలు.

ఇండియా నుండి అమ్మానాన్నలు వస్తున్నారు. వాళ్లకు వేరే రుసుము ఉంటుందా?

2026 జనవరి నుండి జాతీయ పార్కుల వార్షిక పాస్ అమెరికాలో నివసించేవారికి 80 డాలర్లు, ఇతరులకు 250 డాలర్లు అయింది. గ్రాండ్ కేనియన్, యోసెమిటీ, యెల్లోస్టోన్ సహా 11 పార్కుల్లో, వార్షిక పాస్ లేని విదేశీ సందర్శకులు మామూలు రుసుముకు తోడు మనిషికి 100 డాలర్లు అదనంగా కట్టాలి. మౌంట్ రెయినియర్, ఒలింపిక్, నార్త్ కాస్కేడ్స్ ఆ 11 పార్కుల జాబితాలో లేవు. పెద్దవారిని మొదట ఇక్కడి కొండలే చూపించడానికి ఇదీ ఒక కారణమే.

టెంటు వేసుకునే స్థలం ఎప్పుడు బుక్ చేసుకోవాలి? గురువారం చూస్తే ఏమీ దొరకడం లేదు.

గురువారం నాటికి దొరకకపోవడమే సహజం. జాతీయ పార్కులు, అటవీ శాఖ స్థలాల్లో చాలావాటికి 6 నెలల ముందు, రాష్ట్ర పార్కులకు 9 నెలల ముందు బుకింగ్ తెరుచుకుంటుంది, జూలై, ఆగస్టు శనివారాలు త్వరగా నిండిపోతాయి. కాబట్టి వేసవి ప్రయాణాలకు శీతాకాలంలోనే తేదీలు అనుకోవాలి. ముందే అనుకోలేకపోతే ఆదివారం రాత్రికి చూడండి, సోమవారం సెలవు పెట్టగలిగితే ఎంతో తేలిగ్గా దొరుకుతుంది. శుక్రవారం మధ్యాహ్నాల్లో రద్దయిన స్థలాలు కూడా కనిపిస్తూ ఉంటాయి. రాష్ట్ర పార్కుల్లో ఒక స్థలానికి 8 మందికి మించి అనుమతి లేదు కాబట్టి పన్నెండు మంది వెళ్లేటట్లయితే పక్కపక్కన రెండు స్థలాలు తీసుకోవాలి. కారు ఆపిన చోటు నుండి మైళ్లు నడిచి లోపల బస చేయాలంటే, జాతీయ పార్కుల్లో ప్రత్యేక అనుమతి కావాలి. ఎన్‌చాంట్‌మెంట్స్ సరస్సుల దగ్గర రాత్రి బసకు ఏటా ఫిబ్రవరి మధ్యలో లాటరీ దరఖాస్తులు మొదలవుతాయి.

ఇరవై మందిమి కలిసి వెళ్లవచ్చా?

ఆల్పైన్ లేక్స్ వంటి రక్షిత వనప్రాంతాల్లో ఒక గుంపులో 12 మందికి మించకూడదన్న నిబంధన ఉంది. నిబంధన లేని చోట కూడా ఆరుగురు, ఎనిమిది మంది ఉన్న గుంపే సుఖం.

## సామాను, బట్టలు

జీన్స్, హుడీ వేసుకుని వెళితే ఏమవుతుంది?

ఎండలో ఏమీ కాదు, తడిస్తే ప్రాణం మీదికి వస్తుంది. నూలు బట్ట చెమటనూ వాననూ పీల్చుకుని గంటల తరబడి ఆరదు, ఒంటికి అంటుకుని వేడిని లాగేస్తుంది. ఒకసారి ఆగస్టులో స్నో లేక్ దారిలో అరగంట వాన పడింది, ఊరిలో ఆ రోజు 24 డిగ్రీలు. మాతో వచ్చిన ఒక తమ్ముడు జీన్స్‌లో ఉన్నాడు. సరస్సు దగ్గర కూర్చున్న పది నిమిషాల్లో అతని పెదవులు నీలం రంగుకు తిరిగాయి, బ్యాగు జిప్పు తీయడానికి వేళ్లు వంగలేదు, ఏం కావాలని అడిగితే మాట తడబడింది. శరీరం చల్లబడిపోతోందనడానికి అవే గుర్తులు. తడి బట్టలు విప్పించి, పొడి జాకెట్లు రెండు తొడిగి, తీపి టీ తాగించి, అందరం చుట్టూ కూర్చున్నాక గానీ తేరుకోలేదు. పాలియెస్టర్ లేదా ఉన్ని లోచొక్కా, దాని మీద ఫ్లీస్, పైన వాన ఆపే జాకెట్, ఇవి మూడూ ఆగస్టులో కూడా బ్యాగులో ఉండాలి. పాలియెస్టర్ ట్రాక్ ప్యాంటు జీన్స్ కంటే ఎన్నో రెట్లు నయం.

పగటి నడకకే కదా, బ్యాగులో తప్పనిసరిగా ఏమేం ఉండాలి?

సియాటెల్‌లో 1906లో ఏర్పడిన ది మౌంటెనీర్స్ సంస్థ 1930లలోనే ఇందుకు పది వస్తువుల జాబితా తయారుచేసింది, నేటికీ ఇక్కడ అందరూ దాన్నే పాటిస్తారు: దారి తెలిపే మ్యాపూ దిక్సూచీ (రెండూ కలిపి ఒకటి), హెడ్‌ల్యాంప్ (తలకు తగిలించుకునే లైటు), ఎండ నుండి రక్షణ, ప్రథమ చికిత్స సామగ్రి, చాకు, నిప్పు, అత్యవసరంగా తలదాచుకోవడానికి కప్పు, అదనపు తిండి, అదనపు నీరు, అదనపు బట్టలు. వీటిలో మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది హెడ్‌ల్యాంప్. ఫోన్‌లో లైటు ఉంది కదా అంటారు గానీ, చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా అడుగంటుతుంది, పైగా దిగేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. గుంపుకు ఒకటి కాదు, మనిషికి ఒకటి ఉండాలి.

టెంటు, స్లీపింగ్ బ్యాగ్ కొనాలా, అద్దెకు తీసుకోవాలా?

మొదటి రెండుసార్లు అద్దెకు తీసుకోండి లేదా తెలిసినవారిని అడగండి. మొదట కొనవలసినవి బూట్లు, వాన జాకెట్. స్లీపింగ్ బ్యాగ్ ఎంత మంచిదైనా కింద పరిచే ప్యాడ్ లేకపోతే నేల చలి వీపును తాకుతూనే ఉంటుంది, ఎందుకంటే మన బరువుకు కింది దూది నొక్కుకుపోయి వేడిని ఆపలేదు. టెంటును మాత్రం వెళ్లే ముందే అపార్ట్‌మెంట్ పచ్చికలో ఒకసారి వేసి చూసుకోవాలి. చీకట్లో, వానలో నేర్చుకునే పని కాదది.

## వంట, తిండి

కొండ మీద మన తిండి కుదురుతుందా?

బాగా కుదురుతుంది. పగటి నడకకు పులిహోరను మించినది లేదు. చింతపండు, నూనె వల్ల పూటంతా చెడదు, వేడి చేయనక్కర్లేదు, ఉప్పు వల్ల చెమటలో పోయినది తిరిగి చేరుతుంది. చపాతీలో బెల్లం, నెయ్యి రాసి చుట్టినవి, వేరుశనగ చిక్కీ, జంతికలు, ఖర్జూరాలు కూడా పనికొస్తాయి. పెరుగన్నం ఎండలో పులిసిపోతుంది కాబట్టి ఐస్ పెట్టె ఉన్న శిబిరానికే బాగుంటుంది. అన్నం అక్కడే వండాలంటే ఎత్తును గుర్తుంచుకోండి: రెయినియర్ పార్కులోని వైట్ రివర్ శిబిరస్థలం 4,400 అడుగుల ఎత్తున ఉంది, అక్కడ నీరు 95, 96 డిగ్రీలకే మరుగుతుంది, పప్పు ఎంతకీ ఉడకదు. చిన్న ప్రెషర్ కుక్కర్ తీసుకెళితే ఆ బాధ ఉండదు. ఉల్లిపాయలు తరగడం, తాలింపు పొడులు కలపడం ఇంట్లోనే చేసుకుని వెళ్లండి.

వాగు నీళ్లు స్ఫటికంలా ఉన్నాయి. అలాగే తాగవచ్చా?

తాగకూడదు. ఎంత తేటగా ఉన్నా జియార్డియా వంటి పరాన్నజీవులు ఉండవచ్చు, వాటి వల్ల పట్టుకునే విరేచనాలు వారాల తరబడి బాధిస్తాయి. ఫిల్టరుతో వడకట్టాలి, లేదా తెర్లిన తర్వాత ఒక నిమిషం, 6,500 అడుగులకు పైనైతే మూడు నిమిషాలు మరిగించాలి.

## దారిలో

కొందరు వేగంగా నడుస్తారు, కొందరు వెనుకబడతారు. ఎవరి వేగంతో వాళ్లు వెళ్లి పైన కలుసుకుంటే తప్పేమిటి?

ఈ ప్రశ్నకు ఎక్కువ చోటు కేటాయిస్తున్నాను. ఎందుకంటే నాకు తెలిసిన ఇబ్బందుల్లో సగానికి పైగా ఇక్కడే మొదలయ్యాయి. మేము ఎనిమిది మందిమి వెళ్లిన ఒక నడకలో ముందున్న నలుగురు బోర్డు లేని ఒక కూడలి దగ్గర కుడివైపు తిరిగారు, ఇరవై నిమిషాల తర్వాత వచ్చిన ఇద్దరు ఎడమవైపు తిరిగారు. ఆ ఇద్దరి దగ్గరా మ్యాపు లేదు, హెడ్‌ల్యాంపులు ముందు వెళ్లినవారి బ్యాగుల్లో ఉన్నాయి, ఫోన్ సిగ్నల్ ఎవరికీ లేదు. రెండు గంటలు వెతికి, కేకలు వేసి, చీకటి పడే వేళకు కలుసుకున్నాము. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రెండు గంటలూ వాళ్ల తల్లిదండ్రులకు ఫోన్ చేసి ఏం చెప్పాలన్న ఆలోచన తప్ప నా బుర్రలో వేరే ఏదీ లేదు.

అప్పటి నుండి మేము పాటిస్తున్న పద్ధతి ఇది. దారి తెలిసినవారు ఒకరు ముందు, ఓపిక ఉన్నవారు ఒకరు చివర నడుస్తారు, చివరి మనిషిని దాటి ఎవరూ వెనుక మిగలకూడదు. ప్రతి కూడలి దగ్గరా అందరూ వచ్చేవరకు ఆగి తలలు లెక్కపెడతాము. వెనుకబడినవారు వచ్చిన వెంటనే లేచి నడవకుండా, వాళ్లకూ ఐదు నిమిషాల విశ్రాంతి ఇస్తాము, లేకపోతే ఆగిన లాభం అంతా ముందున్నవారికే దక్కుతుంది. వెనుదిరిగే సమయాన్ని కారు దగ్గరే గట్టిగా చెప్పుకుంటాము. రెండు గంటలకు వెనుదిరగాలనుకుంటే, శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా రెండు గంటలకే తిరుగుతాము. "ఇంకో పది నిమిషాలే అన్నా" అని అడిగేవారు ప్రతిసారీ ఉంటారు, కాదనడానికి మనసు రాదు, అయినా కాదనాలి. నేను ఇక నడవలేను అని ఎవరైనా అంటే వాళ్లను దారి పక్కన కూర్చోబెట్టి మిగతావారు పైకి వెళ్లడం ఉండదు, కనీసం ఒకరు తోడుండి వెంట దిగాలి.

సరస్సు కనిపించింది, ఈత వచ్చు. దూకవచ్చా?

దూకవద్దు. జూలైలో కూడా ఆ నీరు కరిగిన మంచే. చల్లని నీటిలో ఒక్కసారిగా పడగానే మన ప్రమేయం లేకుండా ఊపిరి లోపలికి గుంజుకుంటుంది, ఆ క్షణంలో తల నీటిలో ఉంటే నీరే లోపలికి పోతుంది. అది తప్పినా, పది నిమిషాల్లోపే చేతులూ కాళ్లూ చచ్చుబడి, ఎంత ఈతగాడైనా చేయి ఆడించలేడు. అమెరికాలో సరస్సుల్లో, జలపాతాల దగ్గర మన తెలుగు పిల్లలు మునిగిపోయిన వార్తలు పదేపదే చదువుతున్నాము, వాటిలో ప్రతి ఒక్కటీ తప్పించగలిగినదే అనిపిస్తుంది. ఒడ్డున కూర్చుని కాళ్లు తడుపుకోండి. జలపాతం అంచున తడి రాళ్ల మీద ఫొటోల కోసం నిలబడవద్దు.

## శిబిరంలో రాత్రి

ఎలుగుబంట్లు వస్తాయా? ఊరగాయ వాసనకు ఏమైనా అవుతుందా?

కాస్కేడ్ కొండల్లో నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి, సాధారణంగా మనుషులను చూసి తప్పుకుంటాయి. వాటిని మన దగ్గరకు రప్పించేది తిండి వాసనే. తిండి, చెత్త, టూత్‌పేస్టు, సబ్బు, నూనె సీసా అన్నీ రాత్రి కారులో పెట్టి తాళం వేయాలి లేదా అక్కడుండే ఇనుప పెట్టెలో పెట్టాలి. ఒలింపిక్ సముద్రతీరంలో బస చేసేవారు తిండి దాచడానికి ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బా తీసుకెళ్లడం తప్పనిసరి, అక్కడ రకూన్ల బెడద కూడా ఎక్కువే. నిజానికి మొదట వచ్చేది ఎలుక. ఆవకాయ నూనె అంటిన ఒక కాగితాన్ని మా టెంటు మూలలో మరిచిపోయాము, తెల్లవారేసరికి ఆ మూలలో రూపాయి బిళ్లంత చిల్లు ఉంది, కాగితం లేదు. ఆ చిల్లు మీద అంటించిన టేపు ఇప్పటికీ అలాగే ఉంది.

చలిమంట వేసుకోవచ్చా?

వేసవి నడిమధ్యలో చాలాచోట్ల మంటల మీద నిషేధం ఉంటుంది, ఆ రోజు నిబంధన ఏమిటో చూసుకోవాలి. గ్యాస్ స్టవ్‌కు సాధారణంగా అనుమతి ఉంటుంది. కట్టెలు ఇంటి నుండి మోసుకురాకుండా శిబిరం దగ్గరే కొనండి, దూరపు కట్టెలతో చెట్లను చంపే పురుగులు కొత్త అడవికి చేరుతాయి. పడుకునే ముందు నీళ్లు పోసి, కలిపి, బూడిద మీద చేయి పెట్టగలిగినంత చల్లబడేదాకా ఆర్పాలి.

మరుగుదొడ్డి లేని చోట ఎలా?

అడగడానికి అందరూ మొహమాటపడతారు గానీ తెలుసుకోవలసిన విషయం. నీటికీ దారికీ బసకూ కనీసం 200 అడుగుల దూరంలో 6 నుండి 8 అంగుళాల లోతు గొయ్యి తవ్వి, తర్వాత మట్టితో పూడ్చాలి. వాడిన కాగితాన్ని జిప్ సంచిలో వేసి వెనక్కి తెచ్చుకోవాలి. గిన్నెలు కడిగిన నీటిని కూడా వాగులో పోయకుండా అంతే దూరంలో చల్లాలి.

## అనుకోనిది జరిగితే

సిగ్నల్ లేని చోట ఎవరికైనా కాలు విరిగితే ఎవరిని పిలవాలి? చాలా డబ్బు కట్టాలా?

ఐఫోన్ 14, ఆ తర్వాతి ఫోన్లలో ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపే సదుపాయం ఉంది. తరచుగా వెళ్లే గుంపు ఒక ఉపగ్రహ సందేశ పరికరం కొని ఖర్చు పంచుకోవడం ఇంకా మంచిది. ఈ రాష్ట్రంలో గాలింపు, రక్షణ పనులను షెరీఫ్ కార్యాలయం ఆధ్వర్యంలో స్వచ్ఛంద సేవకులు చేస్తారు, అందుకు వాళ్లు డబ్బు తీసుకోరు. అంబులెన్సు, ఆసుపత్రి బిల్లులు మాత్రం మామూలుగానే ఉంటాయి. బిల్లు భయంతో పిలవడం ఆలస్యం చేయవద్దు, చీకటి పడ్డాక అందరి పనీ కష్టమవుతుంది. బయలుదేరే ముందు ఊరిలో ఉండే ఒకరికి ట్రెయిల్ పేరు, కారు నంబరు, ఏ సమయం దాటినా కబురు లేకపోతే 911కు ఫోన్ చేయాలి అన్న వివరాలు రాసి పంపండి.

హెచ్1బీ వీసా మీద ఉన్నాను. పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లాలా?

పద్దెనిమిదేళ్లు దాటిన విదేశీయులు తమ నమోదు పత్రాన్ని, అంటే మనలో చాలామంది విషయంలో ఐ-94ను, వెంట ఉంచుకోవాలన్నది చట్టం. దాని ముద్రిత ప్రతిని డ్రైవింగ్ లైసెన్సుతో పాటు నీళ్లు చొరబడని కవరులో వేసి ఒంటి మీద ఉంచుకోండి. ఏ పత్రాన్నీ, ల్యాప్‌టాప్‌నూ కారులో వదలవద్దు. ట్రెయిళ్ల మొదట ఆపిన కార్ల అద్దాలు పగలగొట్టి దొంగతనాలు జరుగుతుంటాయి.

## తిరిగి వచ్చాక

ఖర్చుల లెక్క గొడవలు లేకుండా ఎలా తేల్చుకోవాలి?

ఆదివారం రాత్రే తేల్చుకోండి. పెట్రోలు, బస, సరుకులు అందరికీ సమానం. ఎవరి కారు వాడారో వారికి పెట్రోలులో వాటా తగ్గించడం మర్యాద.

టెంటును మడిచి అల్మారాలో పెట్టేయవచ్చా?

తడి టెంటును మడిచి పెడితే వారంలో బూజు పట్టి, ఎంత ఉతికినా పోని వాసన వస్తుంది. ఆదివారం రాత్రి ఎంత అలసటగా ఉన్నా బాల్కనీ కడ్డీల మీదో, రెండు కుర్చీల మధ్యనో పరిచి ఆరబెట్టండి. తిరగేసి మట్టి, పుల్లలు, పులిహోర మెతుకులు దులపండి, మేకులు లెక్కపెట్టండి. స్లీపింగ్ బ్యాగును చిన్న సంచిలో కుక్కి ఉంచకుండా పెద్ద గుడ్డ సంచిలో వదులుగా వేలాడదీస్తే వచ్చే నెలకు కూడా అంతే వెచ్చగా ఉంటుంది.